పస్కా రాత్రి

సంధ్యవేళ యైనది. ఇంటి యిల్లాలు దీపములు వెలిగించినది. తెల్లని గుడ్డ పరచిన బల్ల చుట్టును కుటుంబమంతయు కూర్చుండినది. వంటకములు సిద్ధముగానే యున్నవి. కాని వడ్డనకు ఎవ్వరును తొందరపడుట లేదు. అంతలో ఆ యింటిలో అందరికంటె చిన్నవాడైన బాలుడు గొంతు సవరించుకొని, ఈ రాత్రి తక్కిన రాత్రులకంటె ఏల వేరుగా నున్నదని పెద్దలను ప్రశ్నించును. అతనికి సమాధానము చెప్పిన పిమ్మట గాని భోజనము లేదు. ఆ సమాధానమైనను రెండు మాటలలో ముగియునది కాదు. అది ఒక జాతి దాస్యవిముక్తి కథ. యూదులు పస్కా పండుగ నాటి రాత్రి ఆ కథను తరతరములుగా తమ బిడ్డలకు చెప్పుకొనుచున్నారు.

యూదులకు పర్వదినములు పెక్కు కలవు. వారమునకొక మారు, శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము చీకటి పడువరకు విశ్రాంతిదినము. శరదృతువున పొట్టేలి కొమ్ము నూది నూతన సంవత్సరమును స్వాగతింతురు. అది మొదలు పదవదినము యోమ్ కిప్పూర్. ఆనాడు సుమారు 25 గంటలు అన్నపానములు మాని, చేసిన తప్పులకై పశ్చాత్తాపపడుదురు. అయితే తోడిమనుష్యునికి చేసిన అపకారము ఉపవాసముతో పోదనియు, ముందుగా ఆ మనుష్యుని యొద్దకు పోయి క్షమాపణ వేడవలెననియు వారి పెద్దలు విధించిరి. ఇది మెచ్చదగిన నియమము. ఇన్ని పండుగలున్నను, బాలుని ప్రశ్నకు కేంద్రస్థానము నిచ్చినది పస్కాయే.

ఈ పండుగ నీసాను మాసమున పదునైదవ దినమున, పున్నమి వెన్నెలలో ఆరంభమగును. యూదుల మాసములు చంద్రుని గమనము ననుసరించినవి. పండుగ వసంతఋతువు తప్పిపోకుండుటకై వారు 19 సంవత్సరములలో ఏడుమారులు ఒక మాసమును అదనముగా చేర్చుదురు. మన పంచాంగములలోని అధికమాసమును ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఇశ్రాయేలు దేశమున పండుగ ఏడు దినములు. ఇతర దేశములందలి యూదులలో అధికసంఖ్యాకులకు ఎనిమిది దినములు.

బాలునికి చెప్పు కథ బైబిలులోని నిర్గమకాండమున కలదు. ఐగుప్తు దేశమున ఇశ్రాయేలీయులు ఫరోకు దాసులై, మట్టి పిసికి ఇటుకలు చేయుచుండిరి. వారి మగబిడ్డలను నదిలో పారవేయుడని రాజాజ్ఞ యయ్యెను. మోషే వచ్చి తన జనులను విడువుమని యడుగగా ఫరో నిరాకరించెను. దేశముపై పది ఉత్పాతములు విరుచుకొనిపడిన పిదప గాని అతడు లొంగలేదు. అనుమతి దొరకినంతనే వారు బయలుదేరిరి. పిండి పులియువరకు ఆగుటకు వ్యవధి లేక, పులియని పిండినే మూటగట్టుకొని పోయి రొట్టెలు కాల్చుకొనిరి.

అందుచేత పండుగ దినములలో పులిసిన పదార్థము ఇంట నుండరాదు. రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారునప్పటికి పొంగుట తెలుగు పిల్ల లెరిగినదే. గోధుమపిండియు తడిసి నిలువయున్నచో అట్లే పులియును. కావున మత్సా అను రొట్టెకు పిండిలో నీరు పడిన 18 నిమిషములలోపల కాల్చుట ముగియవలెను. పండుగకు ముందు ఇల్లంతయు కడిగి, సొరుగులు దులిపి, పిల్లల చొక్కాజేబులు సైతము వెదకుదురు. ముందునాటి రాత్రి తండ్రి క్రొవ్వొత్తి పట్టుకొని, పక్షియీకతో మూలమూలలను ఊడ్చి రొట్టెతునకలను వెదకును. ఏమియు దొరకనిచో వెదకుట వ్యర్థమగునేమో యని కొన్ని ఇండ్లలో ముందుగానే కొన్ని ముక్కలు దాచి యుంచుదురట! దొరకిన దానిని మరునాటి యుదయమున కాల్చివేయుదురు.

పండుగ రాత్రి జరుగు విందునకు సేదెర్ అని పేరు. క్రమము అని ఆ మాటకు అర్థము. హగ్గదా అను గ్రంథమును చేతబట్టి, అందలి క్రమమునుబట్టి అందరును కథ చదువుదురు. బల్లపై నున్న ప్రతి వస్తువును ఆ కథలోనిదే. పచ్చని ఆకును ఉప్పునీట ముంచి తిందురు. ఆ ఉప్పునీరు దాసుల కన్నీరు. పిమ్మట చేదైన ఆకునో, ఘాటైన దుంపనో నమలుదురు. అది దాస్యపు చేదు. పండ్లును గింజలును దంచి కలిపిన ముద్ద ఇటుకల నడుమ మెత్తిన అడుసునకు గుర్తు. దాని రుచి మాత్రము తీయన. పెద్దలు నాలుగుమారులు ద్రాక్షారసము త్రాగుదురు. పూర్వము స్వతంత్రులు దిండ్ల నానుకొని భుజించెడివారు గనుక, ఈ రాత్రి దాసుల సంతతివారును ఎడమప్రక్కకు ఒరిగి కూర్చుండి త్రాగుదురు.

పది ఉత్పాతముల పేర్లు చెప్పునప్పుడు ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క చుక్క ద్రాక్షారసమును పాత్రనుండి తీసివేయుదురు. తమ విముక్తికై ఐగుప్తీయులు బాధపడిరి గనుక తమ ఆనందపాత్ర నిండుగా నుండరాదని దీనికి పెద్దలు చెప్పు అర్థము. శత్రువు దుఃఖమును గూడ లెక్కించిన పండుగ ఇది.

ఒకప్పుడు యూదులు యెరూషలేములోని దేవాలయమున గొఱ్ఱెపిల్లను బలియిచ్చి పస్కా నాచరించెడివారు. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయమును నేలమట్టము చేసిరి. బలి నిలిచిపోయెను. బల్లపై ఒక ఎముక దానికి గుర్తుగా మిగిలెను. దేవాలయమున జరుగు పండుగ ఇంటి బల్లను ఆశ్రయించినది. చెదరిపోయిన యూదులతో దేశదేశములకు పోయినది. కొచ్చిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనాలయము నేటికిని నిలిచియున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున బెనె ఎఫ్రాయిం అను పేర యూదాచారములను పాటించు తెలుగు కుటుంబములు కొన్ని కలవు.

ప్రశ్న అడుగుటకు బిడ్డ లేనిచో భార్య అడుగవలెను. ఒంటరివాడైనచో తన్ను తానే ప్రశ్నించుకొనవలెను. ప్రశ్న మాత్రము మానరాదు. ఈ నియమమునకు ఘోరమైన పరీక్ష 1943లో వచ్చినది. పోలండు దేశపు వార్సా నగరమున నాజీలు యూదులను గోడల నడుమ బంధించి, లక్షలకొలది జనులను మరణశిబిరములకు పంపిరి. మిగిలినవారిని గూడ తరలించుటకై ఏప్రిలు 19న జర్మను సైన్యము లోపలికి చొచ్చినది. ఆ సాయంకాలమే పస్కా. కొన్నివందల యువకులును యువతులును కొద్దిపాటి ఆయుధములతో ఎదిరించి, దాదాపు ఒక మాసము పోరాడిరి. బయట ఇండ్లు తగులబడుచుండగా, ఆ రాత్రి నేలమాళిగలలో దాగిన కొందరు సేదెర్ జరిపిరి. దాసులు విడుదలైన కథను వారును చదివిరి.

భోజన సమయమున పిల్లలు నిద్రపోకుండుటకు ఒక ఉపాయము కలదు. ఆరంభముననే ఒక మత్సాను రెండుగా విరిచి, సగమును గుడ్డలో చుట్టి దాచుదురు. దానిని పంచుకొని తిననిదే విందు ముగియదు. దొరకించుకొన్న పిల్లవాడు బహుమానము చెల్లించువరకు దానిని ఇయ్యడు. బేరము ఘనముగానే సాగును.

చివర మరియొక పాత్ర నిండుగా పోయుదురు. అది ఏలీయా ప్రవక్త కొరకు. ఆయన వచ్చి లోకమునకు విమోచనకాలము సమీపించెనని చాటునని వారి నమ్మకము. ఒక బాలుని పంపి వీధితలుపు తెరపింతురు. రాత్రిగాలి లోనికి వచ్చును, దీపములు రెపరెపలాడును. అందరును లేచి నిలుతురు. పిల్లలు మాత్రము బల్లపైకి వంగి, పాత్రలోని రసము ఒక వెంట్రుకవాసి యైనను తగ్గినదేమో యని కన్నార్పక చూచుచుందురు.