పెరట్ల ఏ టమాట పెట్టాలె?



ఈ నెల గోడపత్రికలో వ్యవసాయం పేజీకి నేను టమాట గురించి రాస్తున్నాను. టమాట ఎట్ల పెంచాలి అనేది మన ఇండ్లల్ల అందరికీ తెలుసు. కాని ఏ రకం పెట్టాలి అనేది ఎక్కువగా ఆలోచించము. అంగడిలో ఏ ప్యాకెట్ మీద కాయ పెద్దగా, ఎర్రగా ఉంటే అదే కొనుక్కొస్తరు. ఆ బొమ్మ తీసిన చేనుకు డ్రిప్పు ఉంటది, మందులు ఉంటయి. మన పెరడుకు ఒక బోరింగు, ఒక దడి ఉంటయి. కాబట్టి బొమ్మను చూసి కాకుండ మన పెరడును చూసి రకం ఎంచుకోవాలె. ఈ పాఠంలో ఉన్నది ఈ ఒక్క సంగతే.

టమాట ఎక్కడిది?

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రాంతము. మెక్సికోలోని పాతకాలపు ప్రజలు దానిని పంటగా మార్చుకున్నారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు దానిని ఐరోపాకు తీసుకపోయారు. తరువాత పోర్చుగీసు వాళ్ళ ద్వారా మన దేశానికి వచ్చింది. కొన్ని జిల్లాలలో దీన్ని రామములగ అని కూడా అంటరు. వంకాయ, మిరప, ఆలుగడ్డ, పొగాకు దీని చుట్టాలే, అన్నీ ఒకటే కుటుంబము. చుట్టాలకు రోగాలు కూడా ఒకటే వస్తయి. అందుకే పోయిన సంవత్సరం వంకాయ, మిరప ఉన్న మడిలో ఈ సంవత్సరం టమాట పెట్టొద్దు.

రకం ఎంచే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలె.

మొదటి ప్రశ్న: నీళ్ళు ఎవరు మోస్తరు?

మా ఇంట్ల అయితే అమ్మ మోస్తది. సెలవులు ఉంటే నేను కూడా మోస్తాను. హాస్టల్‌కు వచ్చినంక మళ్ళా అమ్మ ఒక్కతే. మీ ఇండ్లల్ల కూడా ఇట్లనే ఉంటది అనుకుంటున్నాను. కాబట్టి ఏ రకం పెడితే ఎన్ని బిందెలు మోయాలె అనేది ముందే చూసుకోవాలె.

టమాట మొక్కలు ముఖ్యంగా రెండు తీర్లు. ఒకటి తీగ రకం. ఇది పెరుగుతనే ఉంటది, కాస్తనే ఉంటది. దీనికి ఎత్తు కట్టెలు పాతాలె, తాడు కట్టాలె, చాలా రోజులు నీళ్ళు పోయాలె. రెండవది పొద రకం. ఇది కొంత ఎత్తు పెరిగి ఆగిపోతది. కాయలన్నీ కొద్ది వారాలలోనే పండుతయి. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇట్ల తనంతట తానే ఆగిపోయే మొక్క ఒకటి కనబడింది. ఇప్పటి పొద రకాలలో ఉన్నది ఆ గుణమే. ఈ రెండింటికి నడుమ ఉండేది మధ్య రకం.

నీళ్ళు దూరం ఉన్న ఇంటికి పొద రకం గాని మధ్య రకం గాని మంచిది. బోరింగు వాకిట్లనే ఉండి, గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా దొరికే ఇంటికి తీగ రకం పెట్టుకోవచ్చు. రోజూ కొన్ని కాయల చొప్పున చాలా రోజులు దొరుకుతయి.

ఇంకొక మాట. నీళ్ళు ఒకరోజు ఎక్కువ పోసి నాలుగు రోజులు మర్చిపోతే కాయ కింది భాగం నల్లగ అయి కుళ్ళుతది. అది పురుగు కాదు. నీళ్ళు ఎగుడు దిగుడు అయితే కాయకు కాల్షియం అందదు. కొంచెం పోసినా ఒక పద్ధతి ప్రకారం పోయాలె. మొదట్లో ఎండుగడ్డి పరిస్తే తడి ఆరదు.

రెండవ ప్రశ్న: కాయ ఏ కాలంలో కావాలె?

టమాట పూత కాయగా మారాలంటే రాత్రి వేడి 15 నుండి 20 డిగ్రీల దాకా ఉంటే బాగుంటది. పగలు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతది. రాత్రి బాగా చల్లబడినా కాయ పట్టదు. మన ఆదిలాబాద్ అడవి ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి పోతయి. మే నెలలో 44 డిగ్రీలు కూడా దాటుతది. అంటే మనకు రెండు దిక్కులా ఇబ్బందే.

ఎండకాలం కాయ ఎర్రగ కాక పసుపు పచ్చగ ఎందుకు ఉంటదో మీకు తెలుసా? ఎరుపు రంగునిచ్చే పదార్థము పేరు లైకోపీన్. వేడి 30, 32 డిగ్రీలు దాటితే అది సరిగ్గ తయారు కాదు.

అందుకని మన పండుగలతోని లెక్క పెట్టుకుంటే సులువు. పొలాల అమావాస్య దాటిన పది రోజులకు నారు పోయాలె. 25, 30 రోజులకు నారు నాటుకు వస్తది. అప్పటికి దసరా సెలవులు వస్తయి, మనమే ఇంటికి పోయి నాటవచ్చు. దండారి ఆటలు అయిపోయినంక పూత మొదలైతది. చలి ముదరక ముందే మొదటి కాయలు పడతయి. నాగోబా జాతర దాకా తొక్కుకు, పులుసుకు కొనే పని ఉండదు.

మూడవ ప్రశ్న: దడి అవతల ఏముంది?

మన దిక్కు చాలా ఇండ్ల పక్కన పత్తి చేను ఉంటది. పత్తి కాయను తొలిచే శనగపచ్చ పురుగే టమాట కాయను కూడా తొలుస్తది. పత్తి మీద ఉండే తెల్లదోమ టమాటకు ఆకుముడత వైరస్‌ను తెస్తది. ఆకులు ముడుచుకపోయి, మొక్క గిడసబారి, కాయలు కాయవు. వైరస్ వచ్చిన మొక్కకు మందు లేదు. పీకి దూరంగా పాతిపెట్టాలె. కాబట్టి పత్తి పక్కన పెరడు ఉన్నవాళ్ళు ఆకుముడతను తట్టుకునే రకం ఎంచుకోవాలె.

టమాట మడి చుట్టూ బంతి పెట్టాలె. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు బంతి పూల మీదికి పోయి గుడ్లు పెడతది. టమాట నాటే నాటికి బంతి నారు వయసు 45 రోజులు ఉంటే రెండింటి పూత కలుస్తది. అంటే బంతి విత్తనం టమాట కంటే మూడు వారాల ముందు చల్లాలె. మనకు పండుగ పూలు కూడా వస్తయి.

పత్తికి కొట్టంగ మిగిలిన మందును పెరట్ల టమాటకు కొట్టొద్దు. ఇది అందరూ ఇంట్ల చెప్పండి. ఆ కాయను పొద్దున తెంపి మధ్యాహ్నం తింటము, చిన్న తమ్ముళ్ళు అయితే కడగకుండనే తింటరు. దానికి బదులు వేపగింజల కషాయం చల్లవచ్చు. లీటరు నీళ్ళకు 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, మూటకట్టి రాత్రి నానబెట్టి, తెల్లారి పిండి వడకట్టి, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లాలె.

నాలుగవ ప్రశ్న: వచ్చే ఏటికి విత్తనం మన దగ్గర ఉంటదా?

ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని గాని ఎఫ్-1 అని గాని ఉంటే అది సంకర రకం. రెండు వేరు వేరు రకాలను కలిపి చేసిన మొదటి తరము అని అర్థం. కరీంనగర్, జగిత్యాల దిక్కు హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తరు. అక్కడికి కూలికి పోయినవాళ్ళు చూసి ఉంటరు. ఆడ వరుసలు, మగ వరుసలు వేరువేరుగా నాటి, పూత టైముకు తాడు లాగి పుప్పొడి దులుపుతరు. టమాటలో అయితే ఒక్కొక్క మొగ్గలో మగ భాగము తీసేసి చేతితోనే పుప్పొడి అంటిస్తరు. అందుకే ఆ విత్తనానికి అంత ధర.

హైబ్రిడ్ మొక్క బాగానే కాస్తది. కాని దాని కాయలోని గింజలు దాచి మళ్ళా పెడితే మొక్కలన్నీ ఒక తీరుగా రావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాస్తది, ఒకటి కాయదు. పదవ తరగతి అక్కల జీవశాస్త్రంలో మెండెల్ పాఠం ఉంటది. ఆయన బఠాణీలలో చూసింది కూడా ఇదే, తరువాతి తరములో గుణాలు విడిపోతయి. అంటే హైబ్రిడ్ పెట్టేవాళ్ళు ప్రతి సంవత్సరం కొనాలె.

హైబ్రిడ్ కాని రకాన్ని సూటి రకం అంటరు. టమాట పూవు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడతది. కాబట్టి సూటి రకం విత్తనం తల్లి లెక్కనే వస్తది. ఒకసారి తెస్తే చాలు.

కొన్ని రకాల పేర్లు

పూసా రూబీ: ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళది. పాత సూటి రకం. కాయ కొంచెం అణిగి, గీతలు గీతలుగా ఉంటది. పులుసుకు బాగుంటది.

అర్క వికాస్: బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళది. సూటి రకం, మధ్య ఎత్తు. కాయ 80, 90 గ్రాములు ఉంటది. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటది. నా లెక్క ప్రకారం మన గూడేలకు మొదట పెట్టి చూడవలసినది ఇదే.

పి.కె.ఎం.-1: తమిళనాడులోని పెరియకుళంలో తయారైంది. పొద రకం, సూటి రకం. వేడిని, వర్షాధారాన్ని తట్టుకుంటది.

అర్క రక్షక్: ఇది కూడా హెసరఘట్టదే, కాని హైబ్రిడ్. ఆకుముడత వైరస్, వాడు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటది. ప్రతి సారి రోగం వచ్చి మొక్కలన్నీ పోతున్న ఇంటికి ఇది ఉపయోగం. విత్తనం మాత్రం ఏటా కొనాలె.

నాటు చిన్న టమాట: పెంటకుప్ప మీద దానంతట అదే మొలిచేది. కాయ చిన్నది, తోలు పలుచన, పులుపు ఎక్కువ. అంగడికి తీసుకపోతే పగులుతది, కాని పెరడుకు పనికొస్తది. పెద్దవ్వల దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి.

ప్యాకెట్ చదవడం

మన ఇండ్లల్ల చాలామంది అమ్మానాన్నలకు చదువు రాదు. ప్యాకెట్ మీద ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ ఉంటయి. కాబట్టి ఈ పని మనదే. కొనే ముందు ఇవి చూడాలె.

1. హైబ్రిడా, సూటి రకమా?
2. మొలక శాతము ఎంత? టమాటకు కనీసం 70 ఉండాలె. అంటే 100 గింజలకు 70 మొలవాలె.
3. పరీక్ష చేసిన తేదీ, ఏ తేదీ వరకు పనికొస్తది? తేదీ దాటితే తీసుకోవద్దు.
4. మందు కలిపిన విత్తనమా? కలిపితే పిల్లలకు, కోళ్ళకు అందకుండ పెట్టాలె. నాటినంక చేతులు కడుక్కోవాలె.
5. బిల్లు అడిగి తీసుకోవాలె. మొలవకపోతే అడగడానికి అదే ఆధారము.

గ్రాము టమాటలో దాదాపు 300 గింజలు ఉంటయి. ఇంటికి 20 మొక్కలు చాలు. ఒక ప్యాకెట్‌ను నలుగురు పంచుకోవచ్చు.

విత్తనం దాచుకునే పద్ధతి

మొదటి కోతలలోనే రోగం లేని మంచి మొక్కకు గుర్తుగా గుడ్డ పీలిక కట్టాలె. దాని కాయలను చెట్టు మీదనే బాగా పండనియ్యాలె. గింజలను గుజ్జుతో సహా గిన్నెలో పిండి రెండు రోజులు పులియబెట్టాలె. గింజ మీది జిగురు పోతది. తరువాత నీళ్ళతో కడిగితే తాలు గింజలు తేలుతయి, మంచివి అడుగున ఉంటయి. నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, సీసాలో గాని ఎండిన సొరకాయ బుర్రలో గాని పెట్టాలె. మూడు సంవత్సరాల దాకా మొలుస్తయి.

మన పెద్దవాళ్ళు విత్తనాలు చల్లకముందు అకిపేన్ దగ్గర పెట్టి మొక్కుతరు. జొన్నకు, కందికి ఉన్న ఆ మర్యాద కూరగాయ విత్తనానికి కూడా ఇయ్యాలె. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాల వాళ్ళు పాత పంటల విత్తనాలను ఇంట్లనే దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటరు. ఆ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళలో చాలామంది బడికి పోనివాళ్ళే.

టమాటతో ఉపయోగము

టమాటలో సి-విటమిన్ ఉంటది. ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుమును శరీరం తీసుకోవడానికి అది సాయం చేస్తది. మన హాస్టల్‌లో రక్తపరీక్ష చేసినప్పుడల్లా రక్తం తక్కువ ఉంది అని రాసేది ఆడపిల్లలకే ఎక్కువ. 2023 జూలైలో టమాట ధర చాలా పట్టణాలలో కిలో 100 రూపాయలు దాటింది. అంత ధర ఉన్నప్పుడు మన ఇండ్లల్ల కొనరు, జొన్నరొట్టెలోకి ఉత్త కారం వేసుకొని తింటరు. పెరట్ల 20 మొక్కలు ఉంటే కనీసం చలికాలమంతా కూర దొరుకుతది.

అభ్యాసము

ఈ దసరా సెలవులలో రెండు రకాలు పది మొక్కల చొప్పున, మూరెడు దూరంలో నాటండి. నోటుబుక్కులో నాలుగు గీతలు గీసి రాయండి: నాటిన తేదీ, మొదటి పూత, చచ్చిన మొక్కలు, తెంపిన కాయలు. మీరు హాస్టల్‌లో ఉన్నప్పుడు అమ్మను దడికి బొగ్గుతో గీతలు పెట్టమనండి, గంపకు ఒక గీత. సంక్రాంతి సెలవుల నుండి వచ్చినంక అందరి లెక్కలు కలిపి ఇదే గోడ మీద పెడదాము. ఏ రకం మన గూడేలకు మంచిదో అప్పుడు మన లెక్కలే చెప్తయి.

ఇట్లు
మీ సోదరి,
తొమ్మిదవ తరగతి