కోలుకుంటున్న యువతకు కొలువుల దారి

మత్తు వ్యసనానికో, తీవ్ర మానసిక వ్యాధికో చికిత్స ముగించుకుని ఇల్లు చేరిన యువతను కొన్ని కుటుంబాలు పోయిన కాలాన్ని ఒక్కసారిగా రాబట్టాలని వెంటనే పోటీ పరీక్షల కోచింగుకు తరుముతాయి. మరికొన్ని పూర్తిగా నయమయ్యాకే పని సంగతి చూద్దామని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోబెడతాయి. రెండవది ముందుజాగ్రత్తలా కనిపించినా ఎక్కువ నష్టం దానితోనే. 1990లలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ రూపొందించిన ‘ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్’ పద్ధతి, ముందు శిక్షణ, పిదప ఉద్యోగం అన్న పాత వరుసను తిరగేసింది. పని కోరినవారిని త్వరగా మామూలు జీతపు కొలువులో చేర్చి, చికిత్సా బృందంలోనే సభ్యుడైన ఉద్యోగ సలహాదారు ఆ తర్వాత కూడా వారికి తోడుండడం దాని సారాంశం. తీవ్ర మానసిక వ్యాధులున్నవారిపై జరిగిన అధ్యయనాలలో ఇది పాత పద్ధతుల కన్నా మెరుగైన ఫలితాలనిచ్చింది. అటువంటి సలహాదారు మన ఆసుపత్రులలో అరుదు గనుక ఆ బాధ్యతను సైకియాట్రిక్ సోషల్ వర్కరో, ఇంట్లో మాట పోనివ్వని పెద్దో తీసుకోవాలి. తల్లిదండ్రుల కంటే మేనమామ అయితే గొడవలు తక్కువ.

మొదటి ఉద్యోగాన్ని ఎంచుకునేటప్పుడు జీతం కన్నా పనివేళలను ముందు చూడాలి. రాత్రి వేసుకునే కొన్ని మాత్రల మత్తు ఉదయం పది వరకూ వదలదు కాబట్టి ఏడింటి షిఫ్టులో చేరినవారు బద్ధకస్తులన్న పేరు తెచ్చుకుంటారు. డోసు వేళ మార్చడం వీలవుతుందేమో చేరకముందే వైద్యుణ్ణి అడగాలి గానీ మాత్ర సొంతంగా మానకూడదు. నైట్ షిఫ్టులు నిద్రను చెడగొడతాయి. బైపోలార్ వ్యాధి, అంటే ఉద్రేకమూ కుంగుబాటూ విడతలుగా వచ్చే రుగ్మత, నిద్ర చెడితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మద్యం మానినవారికి జీతాల రోజు సాయంత్రం గండం గనుక మొదటి నెలల్లో చేతిలో నగదు తక్కువగా ఉంచుకోవడం మేలు.

చికిత్స కోసం తరగతులు తప్పిన ఇంజినీరింగ్ విద్యార్థుల చిక్కు హాజరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 75 శాతం ఉండాలి. 65 వరకూ తగ్గితే వైద్య కారణాలపై కాండొనేషన్, అంటే లోటు మన్నింపు, దొరకవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్ అయి రీఅడ్మిషన్ తీసుకోవాలి.

రెజ్యూమెలోని ఖాళీ గురించి ‘ఆరోగ్య కారణాలతో విరామం, ఇప్పుడు పనికి సిద్ధం’ అన్న ఒక్క వాక్యం చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధిగా లెక్కించి, చికిత్స వివరాల గోప్యతను 23వ సెక్షన్‌లో హక్కుగా ఇచ్చింది. అయితే నింపవలసిన ప్రభుత్వ పత్రంలో అబద్ధం రాయడం వేరే సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యాలలో చేర్చింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ధ్రువీకరణైతే ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం రిజర్వేషన్‌లో, గుర్తించిన పోస్టులకు, అర్హత వస్తుంది. ఆ చట్టపు నిర్వచనంలో వ్యసనం ప్రస్తావన లేదు గనుక డీఅడిక్షన్ కేంద్రపు డిశ్చార్జి కాగితం ఒక్కటే చూపి ఈ కోటాను ఆశించడం వృథా.

పనిలో చేరే రోజే తదుపరి వైద్య పరీక్ష తేదీలకు సెలవు మాట్లాడుకోవాలి. ఆ మధ్యలో అవసరమైతే 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416లో, మత్తు సమస్యకు 14446లో ఫోన్ చేయవచ్చు.