సున్నా నుంచి మూడు: ఈ గదికి టీచర్ కావాలంటే

హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ వైపు ఏ సందులోకి తిరిగినా ఒక ప్లేస్కూల్ బోర్డు కనిపిస్తుంది. లోపలికి వెళ్లి ఏడాదిన్నర పిల్లల గది చూపించమని అడగండి. చాలాచోట్ల అక్కడ ఉండేది ఆయమ్మ. టీచరమ్మ నర్సరీ గది నుంచే కనిపిస్తుంది. అక్షరం నేర్పితేనే టీచర్ అన్నది మన లెక్క మరి. ఆ మొదటి గదిలో టీచర్‌గా చేరాలనుకునేవాళ్ల కోసమే ఈ వ్యాసం. నర్సరీ టీచర్ ట్రైనింగ్ చేసేస్తే ఇదీ వచ్చేస్తుందిలే అనుకోవద్దు. నాలుగేళ్ల పిల్లకు రైమ్ నేర్పే పనికీ, ఏడు నెలల బిడ్డను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండే పనికీ చదువు వేరు, అలసట వేరు.

ముందు ఉద్యోగాలు ఎక్కడున్నాయో చూద్దాం. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26కు పెంచారు. 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ నిబంధన తెచ్చారు. ఆ 26 వారాల్లో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి మళ్లీ ఆఫీసు మెట్లెక్కేనాటికి బిడ్డకు నాలుగు నెలలు దాటతాయి, అంతే. అమ్మమ్మ ఊళ్లో ఉండి, నాన్నమ్మకు మోకాళ్ల నొప్పులైతే ఆ బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి? ఐటీ పార్కుల్లోని క్రెష్‌లు, అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లోని డేకేర్‌లు ఈ అవసరం మీదే నడుస్తున్నాయి.

ప్రభుత్వం వైపు చూస్తే, 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ ఉంది, దాని కింద అంగన్‌వాడీలున్నాయి. అయితే కేంద్రానికి వచ్చి కూర్చునేది ఎక్కువగా మూడేళ్లు దాటినవాళ్లే. అంతకంటే చిన్నవాళ్లకు ఇంటికి రేషన్ ఇవ్వడం, ఇల్లు తిరిగి తల్లితో మాట్లాడటం, బరువు తూచి రాసుకోవడం వరకే పని సాగుతూ వచ్చింది. ఇప్పుడు పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలకు క్రెష్‌ను కూడా జోడిస్తున్నారు. పుట్టుక నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో ఏ నెలలో ఏం చేయాలో చెప్పే ‘నవచేతన’ అనే చట్రాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసింది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు దాన్ని ఒకసారి తిరగేయండి. అంగన్‌వాడీ, క్రెష్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లలో దాని పేరు చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఇంతకీ ఈ గదిలో టీచర్ ఏం చేస్తుంది? డైపర్ మార్చడమే తీసుకోండి. శిక్షణ లేని చేతులు బిడ్డను ఎత్తి, పడుకోబెట్టి, నిమిషంలో పని ముగించి దించేస్తాయి. శిక్షణ ఉన్న టీచర్ ముందు బిడ్డ కళ్లముందుకు వస్తుంది. “డైపర్ మార్చుకుందామా బుజ్జీ?” అని అడిగి, చేతులు చాచి, బిడ్డ తనవైపు ఒరిగేదాకా ఆగుతుంది. “ఇదిగో, ఈ కాలు ఎత్తు” అంటుంది. ఐదారు నెలలు దాటాక బిడ్డ నిజంగానే కాలు ఎత్తడానికి ప్రయత్నిస్తాడు. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ ఒంటి మీదే ఉంటుంది, ఎందుకంటే బోర్లా పడటం నేర్చిన పిల్ల బల్ల మీదినుంచి దొర్లడానికి రెప్పపాటు చాలు. రోజుకు ఐదారుసార్లు, ఒక్కోసారి నాలుగైదు నిమిషాల పాటు ఇలా ముఖాముఖి మాటలు నడుస్తాయి. ఈ వయసు పిల్లలకు భాషా పాఠం ఇదే. హంగేరీలో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టర్ 1946లో బుడాపెస్ట్‌లో మొదలుపెట్టి నడిపిన శిశుగృహం ఈ పద్ధతికి పేరుపడింది. బిడ్డ తనంతట తాను కూర్చోలేనప్పుడు దిండ్లు ఆనించి కూర్చోబెట్టకూడదన్నది ఆమె గట్టిగా పట్టుకున్న నియమాల్లో ఒకటి. మన ఇళ్లలో ఈ మాట చెబితే ఊరుకోరనుకోండి.

మాలిమి చేసుకోవడం ఇంకో పెద్ద పని. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో పిల్లలకు కొత్తవాళ్లంటే బెదురు మొదలవుతుంది. సరిగ్గా ఆ నెలల్లో క్రెష్‌లో వేస్తే గుక్కపెట్టి ఏడుస్తారు. మంచి కేంద్రాల్లో మొదటి వారం తల్లిని గదిలోనే కూర్చోబెడతారు, తర్వాత అరగంట బయటికి పంపుతారు, ఆ తర్వాతే గంటలు పెంచుతారు. బిడ్డ దృష్టి మళ్లించి తల్లిని దొంగచాటుగా పంపేయడం మనకు అలవాటు. చెప్పకుండా మాయమైన తల్లి ఏ క్షణాన ఉంటుందో ఏ క్షణాన ఉండదో అని ఆ పిల్ల మిగతా రోజంతా తలుపు వైపే చూస్తుంది. “అమ్మ వెళ్తోంది, సాయంత్రం వస్తుంది” అని చెప్పే పంపాలి. ఏడుపు వస్తే రానివ్వాలి. ఈ విషయం తల్లిదండ్రులకు నచ్చజెప్పడం కూడా టీచర్ పనే, నా లెక్కలో అన్నిటికంటే కష్టమైన పని.

ఏడాదిన్నర దాటాక కొరకడాలు మొదలవుతాయి. బొమ్మ లాక్కున్నందుకు ఒకడు ఇంకొకడి చేతిమీద పళ్లగాట్లు పెడతాడు. మాటలు ఇంకా రాని వయసు, కోపం పళ్లలోకి వస్తుంది. సాయంత్రం ఆ గాటు చూసిన తల్లికి ఏం చెప్పాలి, కొరికింది ఎవరో ఎందుకు చెప్పకూడదు, ఏ గంటలో ఏ మూల ఇలా జరుగుతోందో వారంపాటు రాసుకుని గదిని ఎలా మార్చాలి అన్నది శిక్షణలో నేర్పాలి. తిండి విషయం చెప్పనక్కర్లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదని, శనగలు, పల్లీలు, కోయని ద్రాక్ష గొంతుకు అడ్డం పడతాయని తెలిస్తే సరిపోదు. ఏడాదిలోపు బిడ్డకు గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. పెద్దవాళ్లకు చేసినట్టు పొట్ట నొక్కకూడదు. ఇది బొమ్మ మీద చేతులతో చేసి నేర్వాల్సిన విద్య, పుస్తకంలో చదివితే ఆ నిమిషానికి గుర్తురాదు.

ఇక కోర్సులు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలంగాణలో డీఈఈసెట్ రాసి చేరే డీపీఎస్‌ఈ, అంటే డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్, ఎన్‌సీటీఈ గుర్తింపున్న రెండేళ్ల కోర్సు. ఇంటర్ చదివినవాళ్లు రాయొచ్చు. దాని గురి మాత్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. జాతీయ విద్యావిధానం 2020 కూడా బడిని మూడో ఏట నుంచే లెక్కపెట్టింది. మూడుకు ముందున్న వయసు కోసం మనం వేరే తలుపులు తట్టాలి.

ఇగ్నో ఇచ్చే డీఈసీఈ, అంటే డిప్లొమా ఇన్ ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ అనే దూరవిద్య కోర్సుకు ఇంటర్ అర్హత చాలు, కనీస వ్యవధి ఏడాది. శిశు సంరక్షణ కేంద్రాన్ని నడపడం, పిల్లల ఆరోగ్యం, పోషణ అందులో పాఠాలు, ప్రాజెక్టు పని కూడా ఉంటుంది. ఇప్పటికే డేకేర్‌లో పనిచేస్తూ చదవాలనుకునేవాళ్లకు ఇది నయం. లోతుగా చదవాలంటే డిగ్రీ దారి పట్టండి. హైదరాబాద్ సైఫాబాద్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది, గుంటూరులో ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం వాళ్లది ఉంది. ఒకప్పుడు హోమ్‌సైన్స్ అన్నదే ఇది. ఇందులో మానవ వికాసం ఒక విభాగం. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం హోమ్‌సైన్స్ కూడా ఈ కోవలోదే. ‘వంటల కోర్సు’ అని చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి, శిశువు ఎదుగుదలను సెమిస్టర్ల తరబడి చదివే డిగ్రీలు మన దగ్గర వేరే పెద్దగా లేవు.

మాంటిస్సోరి పేరు వినని ప్లేస్కూల్ లేదు. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కు శిక్షణ ఇవ్వడానికి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డ మనసు ఎలా పనిచేస్తుందో ఎక్కువగా చెప్పిన ఆమె పుస్తకం ‘ది అబ్సార్బెంట్ మైండ్’ అహ్మదాబాద్‌లో చేసిన ప్రసంగాల నుంచే పుట్టింది. ఇంత సంబంధం ఉన్నా, ఇక్కడ ‘మాంటిస్సోరి డిప్లొమా’ అని చేసేవాళ్లలో చాలామంది మూడు నుంచి ఆరేళ్ల కోర్సే చేస్తారు. సున్నా నుంచి మూడుకు ‘అసిస్టెంట్స్ టు ఇన్‌ఫెన్సీ’ అనే ప్రత్యేక డిప్లొమా ఉంది. అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘం (ఏఎంఐ) గుర్తింపున్న శిక్షణ కేంద్రంలో చేస్తేనే దానికి విలువ. ఫీజు మాత్రం మధ్యతరగతి ఇంటికి బరువే.

వీధి చివర ఫ్లెక్సీ మీద కనిపించే ఆరు నెలల ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) కోర్సుల సంగతి విడిగా చెప్పాలి. ‘ప్రభుత్వ గుర్తింపు’ అని రాసి, అడిగితే సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితమో ఐఎస్‌ఓ సర్టిఫికెటో చూపించేవి వీటిలో తక్కువేమీ కాదు. అవి రెండూ కోర్సుకు గుర్తింపు కావు. ఫీజు కట్టేముందు నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: మీ కోర్సులో మూడేళ్లలోపు పిల్లలున్న గదిలో మమ్మల్ని ఎన్ని గంటలు కూర్చోబెడతారు, పక్కన చూసి సరిదిద్దేది ఎవరు? “టైఅప్ ఉందమ్మా, చూసుకుంటాం” అన్నారంటే లేచి రావచ్చు. చార్టులు, ఫ్లాష్‌కార్డులు, థర్మోకోల్ బొమ్మలు చేయించడమే సగం కోర్సు అయితే, అవి ఏడాది పిల్లలకు నోట్లో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

జీతం దగ్గర దాపరికం వద్దు. తొలి ఏళ్లలో తక్కువ. చిన్న పట్టణంలో ప్లేస్కూల్ ఇచ్చేది బట్టల దుకాణంలో వచ్చేదాన్ని మించకపోవచ్చు. అంగన్‌వాడీ టీచర్‌కు ఇచ్చేదాన్ని ప్రభుత్వమే జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2019లో 11,500 రూపాయలైంది, తెలంగాణలో 2021లో 13,650కి చేరింది. ఏపీలో 2023 డిసెంబర్‌లో మొదలై 42 రోజులు సాగిన సమ్మె గుర్తుండే ఉంటుంది. పైగా కంపెనీల క్రెష్‌లకు కేంద్రం ఇచ్చిన కనీస మార్గదర్శకాల ప్రకారమే మూడేళ్లలోపు పది మంది పిల్లలకు ఒక శిక్షణ పొందిన కార్యకర్త. ఆస్ట్రేలియాలో రెండేళ్లలోపు నలుగురికి ఒకరు. పది మంది తప్పటడుగుల పిల్లల్ని ఒక్కరు చూడటమంటే ఏమిటో ఇంట్లో ఒక్కరిని చూసినవాళ్లెవరికైనా అర్థమవుతుంది. చేరేముందు ఆ గదిలో మీ వంతుకు ఎంతమంది వస్తారో అడిగి తెలుసుకోండి, జీతం అంకె తర్వాత అడగొచ్చు.

ఎదుగుదల ఉన్న పాయ ఒకటుంది. నెలలు దాటినా మెడ నిలపని, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లల్ని ముందుగా గుర్తించేది తరచుగా ఈ గదిలోని టీచరే. అటువైపు ఆసక్తి ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఇచ్చే ప్రత్యేక విద్య, ఎర్లీ ఇంటర్వెన్షన్ కోర్సులు చూడండి. జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా నడిచే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాల్లో (డీఈఐసీ) ఇలాంటి శిక్షణ ఉన్నవాళ్లకు పోస్టులుంటాయి. మగపిల్లలు ఈ వృత్తిలోకి రావచ్చా అని అడిగేవాళ్లున్నారు. అంగన్‌వాడీ ఉద్యోగం మహిళలకే. ప్రైవేటు క్రెష్‌లు మగవాళ్లను తీసుకోవడం అరుదు. ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో మాత్రం వాళ్లకు చోటుంది.

పెళ్లయి అమెరికా వెళ్లే మన ఆడపిల్లల్లో కొందరు అక్కడ ఈ పనిలో చేరుతున్నారు. హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు పని అనుమతి వచ్చేదాకా డేకేర్‌లో ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి వాళ్లలో కొందరికి ఆ అనుమతి దొరుకుతోంది. అక్కడ చెల్లే సీడీఏ (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) అర్హతను పుట్టుక నుంచి 36 నెలల వరకున్న పిల్లలకు విడిగా ఇస్తారు. 120 గంటల చదువు, 480 గంటల పని, ఒక పోర్ట్‌ఫోలియో, మీ గదికి వచ్చి చూసే పరిశీలన, చివర పరీక్ష. కాలిఫోర్నియాలో కాలేజీ యూనిట్లు అడుగుతారు, వాటిలో మూడు శిశు సంరక్షణకు చెందినవై ఉండాలి. ఇక్కడ హోమ్‌సైన్స్ చదివి వెళ్లేవాళ్లు మార్కుల జాబితాలతోపాటు సిలబస్ కాపీని కూడా యూనివర్సిటీ ముద్రతో తీసుకుని పెట్టె అడుగున పెట్టుకోండి. అక్కడ మూల్యాంకనం సబ్జెక్టులవారీగా జరిగితే ఆ సిలబస్ కాగితాలే అక్కరకొస్తాయి, పెళ్లయి వెళ్లాక ఇక్కడి కాలేజీ గుమాస్తా చేత వాటిని పంపించుకోవడం అంత తేలిక కాదు.