ధూళియు నీరును చొరని బండి

మానవునకు ఇంటియందెంత మక్కువయో దేశసంచారమునందును అంత మక్కువ. ఈ రెండు కోరికలను ఒక్కమారు తీర్చుకొనుటకై పుట్టినది చక్రముల యిల్లు. 1885వ సంవత్సరమున ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు, నౌకాదళమున కొలువు చాలించిన పిదప, రెండు గుఱ్ఱములు లాగునట్టి యింటిబండిని చేయించుకొని దానికి ‘వాండరర్’ అని పేరిడెను. అందే వసించుచు అతడు దేశమును చూచెను. వినోదయాత్రకై కట్టిన తొలి యింటిబండ్లలో అది యొకటి. నేడు గుఱ్ఱములకు మారుగా మోటారుకారు వచ్చినది. కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు బండిని ట్రైలరు అందురు. పడకలు, పొయ్యి, నీటితొట్టి, భోజనసామగ్రి అన్నియు అందుండును.

ఇట్టి ట్రైలరులకు కఠినమైన పరీక్ష ఆస్ట్రేలియాదేశమున జరుగును. ఆ దేశపు వాయవ్యభాగమున కింబర్లీ అను సీమ కలదు. అచ్చటి గిబ్ నదీమార్గము సుమారు 660 కిలోమీటర్ల పొడవు గలది. పశువులను తరలించుటకై యేర్పడిన యీ బాటలో చాలభాగము మట్టిదారియే. వానలు లేని మాసములలో పిండివంటి ధూళి గుంటలనిండ పేరుకొనియుండును. నవంబరు మొదలు ఏప్రిలు వరకు వానలు కురిసి వాగులు పొంగును. జనావాసములు మిక్కిలి దూరదూరముగ నుండును. తినుబండారములు మట్టిపాలైనను, పడక తడిసినను, మరల కొనుటకు చేరువలో అంగడి దొరకదు.

తలుపులన్నియు మూసియున్నను ధూళి లోనికెట్లు వచ్చును? దానిని మోసికొని వచ్చునది గాలియే. కారు చక్రములు రేపిన దుమ్ములోనే ట్రైలరు పయనించును. అది వేగముగ పోవునపుడు దాని చుట్టును గాలి పీడనము ఎల్లెడల సమానముగ నుండదు. ప్రక్కలను, వెనుకను తగ్గును. అచ్చటి సందులనుండి లోపలి గాలి వెలికి లాగబడును. ఆ వెలితిని పూరించుటకై మఱియొక సందునుండి వెలుపలి గాలి దుమ్ముతో కూడ లోనికి దూరును.

దీనికి మొదటి ఉపాయము సందులను మూయుట. మన యిండ్లలో ఆవకాయజాడికి వాసెన కట్టినట్లు, తలుపుల చుట్టును రబ్బరుపట్టీలు బిగింతురు. రాత్రివేళ లోపల దీపము వెలిగించి వెలుపలినుండి చూచినచో, వెలుగు తొంగిచూచిన ప్రతిచోటను సందున్నట్లే. ఐనను ప్రతి రంధ్రమును మూయుట సాధ్యము కాదు. కావున రెండవ ఉపాయమును కనుగొనిరి. బండి పైకప్పున, ధూళి కొంత తక్కువగనుండు ఎత్తున, ముందువైపునకు తెఱచుకొను ఒక కిటికీని అమర్చి, దానికి వడపోత నుంచుదురు. బండి సాగునపుడు ఎదురుగాలి ఆ కిటికీలో చొచ్చి, లోపలి పీడనమును హెచ్చించును. అప్పుడు మిగిలిన సందులనుండి గాలి వెలికి పోవునే కాని లోనికి రాదు. గాలి బయటికి పోవు దారిలో ధూళి ఎదురీదలేదు. శస్త్రచికిత్స జరుగు గదులలో వెలుపలి క్రిములు చొరకుండ లోపలి పీడనమును హెచ్చుగ నుంచుటయు ఈ సూత్రము ననుసరించియే.

నీటి స్వభావము వేఱు. అది సన్నని అతుకులలో దీపపువత్తిలో నూనె ప్రాకినట్లు ప్రాకును. అతుకులు విడుటకు ముఖ్యకారణము ఎండ. ఐదు మీటర్ల పొడవుగల అల్యూమినియము రేకు, 40 సెంటీగ్రేడు డిగ్రీల వేడి హెచ్చినచో, సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగును. చల్లబడినంతనే మరల కుంచించును. గట్టిపడిన లప్పము ఈ కదలికకు తాళలేక పగులును. అందుచేత ఎల్లప్పుడు మెత్తగనుండు బ్యూటైల్ రబ్బరు పట్టీని అతుకులలో నుంచి మరలు బిగింతురు. ఏమరినచో గోడలోని కొయ్య కంటికి కనబడకయే కుళ్ళిపోవును.

ఇంత బిగువుగ మూసిన బండి వాగులో దిగినపుడు క్రొత్త యపాయము తోచును. నాలుగు మీటర్ల పొడవును, రెండు మీటర్ల వెడల్పును గల బండి అడుగుభాగము పది సెంటీమీటర్లు నీట మునిగినదనుకొందము. ఆర్కిమెడీసు సూత్రము ప్రకారము నీరు దానిని 800 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో పైకెత్తును. అప్పుడు చక్రములకు నేలపై పట్టు తప్పును. నీరు చొరని బండియే పడవయై ప్రవాహమున కొట్టుకొనిపోవును. తన్ను లాగు కారును సైతము ఈడ్చుకొనిపోవును. కావున బండి ఎంత గట్టిదైనను, లోతెఱుగని పొంగువాగులో దిగరాదు.

మఱియొక యపాయము విడిదియందు కలదు. ఎల్ల ద్వారములను మూసి లోపల పొయ్యి వెలిగించినచో, చాలినంత ప్రాణవాయువు లేక కార్బన్ మోనాక్సైడు పుట్టవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారి ప్రాణములను అది తెలియకుండ హరించును. అందుచేత బండి నిలిచినంతనే పైకిటికీని, ప్రక్కద్వారములను తెఱచి గాలి యాడనీయవలెను.

ధూళిని, నీటిని ఆపుటకై మనుజుడు బండిని మూసెను. కాని గాలి లేక తాను బ్రతుకజాలడు. దేనిని మూయవలెనో, దేనిని ఎప్పుడు తెఱువవలెనో యెఱిగి నడచుకొనువానికే చక్రముల యిల్లు నిజమైన యిల్లగును.