గ్రామసభలో రైతు చూడవలసిన పట్టిక

పంచాయతీ వేఱు, గ్రామసభ వేఱు. మన సంఘ సభ్యులకీ భేదము సులభముగా బోధపడును. సంఘములో మహాజనసభ యెట్టిదో ఊరిలో గ్రామసభ యట్టిది; పాలకవర్గము వంటిది పంచాయతీ. ఊరి ఓటర్ల పట్టికలో పేరున్న స్త్రీ పురుషులందఱును గ్రామసభ సభ్యులే. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దీనికి స్థానము కల్పించినది. 1994 నాటి మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము వలన పంచాయతీ జమాఖర్చులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు, లబ్ధిదారుల యెంపిక సభ ముందునకు రావలెను. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘమగుటచే అచ్చట నిది లేదు. ఉద్దానపు పల్లెలకు కలదు.

దీని యక్కఱ తుఫాను నాడు తెలియును. 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. ఎవరి చెట్లెన్ని పడినవో ఊరివారికి తెలిసినట్లు కచ్చేరీ గుమాస్తాకు తెలియునా? నష్టపు పట్టికను పదిమందిలో బిగ్గఱగా చదివించినచో లేని చెట్లు మొలవవు, ఉన్నవి మాయముకావు. యజమాని పేరు వ్రాసి కౌలుదారుని మఱచుటయు అచ్చటనే పట్టుబడును. ఇట్టి మఱపు తఱచుగా పేదవాని యెడలనే కలుగుట మేమెఱుగుదుము.

కావున సభకు పోవునపుడు పట్టాదారు పాసుపుస్తకమో, కౌలు పత్రమో వెంట గొనిపోవలెను. అభ్యంతరమును నోటితో చెప్పి ఊరకుండక కాగితముపై నిచ్చి రసీదు పొందవలెను. తీర్మానము పుస్తకములో వ్రాసి, చదివి వినిపించిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఖాళీ పుటపై వేలిముద్ర వేయరాదు.