పిట్ కార్యదర్శి

కార్మిక సంఘమనగానే జెండాలు, ఊరేగింపులు, వేదికపై ప్రసంగించే నాయకులు మన కళ్లముందు మెదులుతారు. కాని సంఘానికి ప్రాణం వేదికపై లేదు. పనిచేసే చోటనే ఉన్నది. తోటివారితో ఒకే షిఫ్టులో శ్రమిస్తూ, వారి పక్షాన మాట్లాడే ప్రతినిధి ఆ ప్రాణాన్ని నిలుపుతాడు. సింగరేణి బొగ్గు గనులలో అతనిని పిట్ కార్యదర్శి అంటారు.

ఇల్లందు ప్రాంతంలో 1889లో ఆరంభమైన సింగరేణి బొగ్గు తవ్వకం క్రమంగా కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి ప్రాంతాలకు విస్తరించింది. గనులు దూరదూరంగా ఉంటాయి. ఒకే గనిలో సైతం వేర్వేరు షిఫ్టులవారు కలుసుకొనేది అరుదు. ఇట్లా చెదిరి ఉన్నవారిని ఒక్కతాటిపైకి తేవడం పైస్థాయి నాయకులకు మాత్రమే సాధ్యమయ్యే పని కాదు.

బొగ్గు కార్మికుల వేతనాలను జాతీయ స్థాయి ఒప్పందం నిర్ణయిస్తుంది. అయితే పైకప్పు పదిలంగా ఉన్నదా, గాలి అందుతున్నదా, తాగునీరు దొరుకుతున్నదా, మస్టరు సరిగా పడినదా అనే ప్రశ్నలకు గనిలోనే సమాధానం లభించాలి. పిట్ కార్యదర్శి ఈ సమస్యలను ఆలకిస్తాడు, అధికారులతో చర్చిస్తాడు, ఫలితాన్ని ద్వార సమావేశంలో తెలియజేస్తాడు. సాధించినదానిని చెప్పినంత స్పష్టంగా సాధించలేనిదానిని కూడా చెప్పాలి. నమ్మకం కుదిరేది అక్కడే.

ఈ బాధ్యతలో ఒక చిక్కు ఉన్నది. ప్రతివాని పనినీ తానే చేసిపెట్టే ప్రతినిధికి మంచిపేరు వస్తుంది. కాని కార్మికులు అర్జీదారులుగా, సంఘం పైరవీల కేంద్రంగా మారిపోతాయి. విజ్ఞుడైన ప్రతినిధి, మొర పెట్టుకొన్నవానిని మొదట ఇట్లా అడుగుతాడు: "అన్నా, ఈ తిప్పలు నీ ఒక్కనికేనా, మనందరికా?" ఆ ప్రశ్నతో ఒకని కష్టం పదిమంది కోరిక అవుతుంది. సంఘటిత శక్తికి అదే తొలి మెట్టు.

సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగు ద్వారా ఎన్నుకొనే పద్ధతి 1998లో మొదలైంది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో ఓటర్లు దాదాపు 40 వేలమంది. వారిలో నూటికి 90 మందికి పైగా ఓటు వేశారు. ఓటు ఎన్నడో ఒకనాడు వేసేది. పిట్ కార్యదర్శి మాత్రం ప్రతి షిఫ్టులోనూ తోటివారి ఎదుట పరీక్షకు నిలుస్తాడు. ఆ పరీక్షలో అతడు నెగ్గినంతకాలమే సంఘం నిలుస్తుంది.