ప్రశ్నలు - జవాబులు: అక్కా, నేను థింసా ఆడవచ్చా?

ప్రశ్న: అక్కా, మాది అరకులోయ దగ్గర పల్లె. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. అమ్మమ్మ కాలం నుంచీ మేం ప్రభువును నమ్ముకున్నవాళ్లం. మా ఊరి అమ్మాయిలు శని, ఆదివారాల్లో రిసార్టులో టూరిస్టుల ముందు మా గిరిజనుల ఆట థింసా ఆడతారు. నన్నూ రమ్మంటున్నారు. వచ్చే డబ్బులు ఫీజుకు పనికొస్తాయి. పాస్టర్‌గారేమో అది లోకాచారం, వద్దంటున్నారు. రోజంతా సినిమా పాటలకు రీల్స్ చేసే మా తమ్ముణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. నేనేం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, థింసా అంతా ఒకటే అనుకోవడంతోనే చిక్కు వచ్చింది. మీ ఊరి పెద్దవాళ్లను అడుగు, రకాలన్నీ పేర్లతో సహా చెబుతారు. బోడ థింసా గ్రామదేవత కొలుపులో ఆడేది. బాయా థింసా అమ్మవారు పూనిన గణాచారి ఆట. పోటార్ తోలా అలా కాదు, అడవిలో ఆకులు కోసుకునే పని అందులో కనిపిస్తుంది. బాగ్ థింసాలో పులి ఎదురైతే ఎలా తప్పించుకోవాలో ఆడి చూపిస్తారు. మొదటి రెండింటి జోలికి నువ్వు పోవద్దు. తక్కిన వాటిలో ఆకులున్నాయి, పులి ఉంది, పూజ లేదు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. కొరింథులో విగ్రహాలకు అర్పించిన మాంసం బజారుకూ వచ్చేది. దాని మీద సంఘంలో గొడవైతే పౌలు మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో తీర్పు చెప్పాడు. అంగట్లో అమ్మేది ఆరాలు తీయకుండా తినండి, విగ్రహం ముందు వేసిన పంక్తిలో మాత్రం కూర్చోకండి అన్నాడు. పక్కవాడి మనస్సాక్షి నొచ్చుకుంటుందంటే అంగడి మాంసం కూడా మానుకోమన్నాడు. మీ సంఘంలో ఒకప్పుడు ఆ కొలుపుల్లో ఆడి వచ్చిన ముసలమ్మ ఎవరైనా ఉంటే, థింసాకు వాయించే తుడుము డప్పు మోత వినగానే ఆమెకు పాత భయాలు లేస్తాయి. ఆమె ఎదుట ఆడకు.

ఇక లోకాచారం సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు, పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) తన కీర్తనలకు వాడుకున్నది అప్పటికే ఈ నేల మీద పాడుతున్న రాగాలనే. రాగం పనికొచ్చినప్పుడు తుడుము ఎందుకు పనికిరాదు? కీబోర్డు మీద సినిమా దరువులు వాయించే మందిరాల్లోనే తుడుమంటే ఉలిక్కిపడతారు, అదో విచిత్రం!

నాకు అసలు బెంగ రిసార్టు గురించే. ఎదురుగా తాగి కూర్చున్నవాళ్లు ఉంటారా? సెల్ఫీ కోసం చేయి పట్టి లాగితే అడ్డుపడే పెద్దావిడ ఎవరైనా మీ వెంట ఉంటారా? ఇంటికి ఎన్నింటికి చేరుస్తారు? చెప్పిన డబ్బు చేతికిస్తారా? వీటికి సరైన జవాబు రాకపోతే ఆట ఎంత మంచిదైనా వెళ్లకు. ఆదివారం ఉదయం ఆరాధన మానేది లేదని ముందే చెప్పు. పాస్టర్‌గారికి ఎదురు చెప్పొద్దు, ఒకసారి వచ్చి చూడమని అడుగు.

తమ్ముడి మాటా అడిగావు. పాట సినిమాదా కాదా అన్నది చిన్న సంగతి. ఆ రీల్‌లో ఏ ఆడపిల్లనైనా, ఏ కులాన్నైనా ఎగతాళి చేస్తున్నాడేమో చూడు. చేస్తుంటే అక్కగా గట్టిగా మందలించు.

ప్రశ్న: అమ్మా, నేను జీపు నడుపుతాను. ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి డబ్బులు అడుగుతారు. క్రైస్తవుణ్ని, ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వండి నాయనా, నవ్వుతూ ఇవ్వండి. వాళ్లు మీ ఊరి ఆడపడుచులే. మీ చేత మొక్కించడం లేదు, పండగ సరదాకు అడుగుతున్నారు. ఆ పండగకు మగవాళ్లు వెళ్లే వేటకు రమ్మంటే మాత్రం వెళ్లకండి. దానికి బైబిల్ దాకా పోనక్కర్లేదు, అడవి జంతువుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.